బొమ్మకి జాకెట్టు ఎందుకు పట్టదు?

ప్రశ్న: మా అమ్మాయికి ఎనిమిదేళ్లు. సంక్రాంతి బొమ్మల కొలువులో తన బార్బీని కూడా పెట్టాలట, దానికి పట్టు లంగా, జాకెట్టు, ఓణీ వేయాలట. పిల్ల లంగాలు, నా జాకెట్లు నేనే కుట్టుకుంటాను కాబట్టి ఇదెంతపని అనుకుని పాత పట్టుచీర కొంగు కత్తిరించి కుట్టాను. బొమ్మ చెయ్యి జాకెట్టు చేతిలోంచి దూరలేదు, కాస్త లాగేసరికి చంక దగ్గర చిరిగింది. లంగా నడుము దగ్గర ఉబ్బి, గొడుగు తెరిచినట్టు నిలబడింది. జరీ పోగులు పట్టుకుంటే చాలు ఊడొస్తున్నాయి. కొలతలు మాత్రం సరిగ్గానే తీశాను. తప్పెక్కడ జరిగింది? దీనికంటే చీర కట్టడం తేలికా? నగలేమైనా చేయొచ్చా? – ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: మీ కొలతలు సరిగ్గానే ఉండి ఉంటాయి. మనిషికి కుట్టే పద్ధతిలోనే బొమ్మకీ కుట్టారు, చిక్కంతా అక్కడ వచ్చింది. మామూలు బార్బీ ఎత్తు 11.5 అంగుళాలు, అంటే 29 సెంటీమీటర్లు. మనిషిలో ఇంచుమించు ఆరో వంతు. బొమ్మ ఆరో వంతుకి తగ్గింది గానీ బట్ట మందం తగ్గలేదు. మన ఒంటిమీద మెత్తగా జారే పట్టు బొమ్మ లెక్కలో జంపఖానా. ఆ జంపఖానాని మూడు మడతలు పెట్టి, పైన పట్టీ వేసి, అంచు రెండుసార్లు తిప్పి కుడితే గొడుగు కాక ఏమవుతుంది?

రెండోది, బొమ్మ మనకి సాయం చేయదు. జాకెట్టు తొడుక్కునేటప్పుడు మనం మోచెయ్యి వంచుతాం, భుజం వెనక్కి తీస్తాం, అరచెయ్యి ముడుస్తాం. మీ బొమ్మ చెయ్యి బిర్రుగా ఉంటుంది, బొటనవేలు పక్కకి పొడుచుకుని ఉంటుంది. తలైతే ఒంటితో పోలిస్తే పెద్దది. అందుకని బొమ్మ జాకెట్టుకి వెనకభాగం మెడ నుంచి నడుము దాకా పూర్తిగా తెరిచే ఉండాలి. చేతి అంచు కొలత ముంజేతిది కాదు, బొటనవేలు కలుపుకుని అరచేతిది తీసుకోవాలి. మీది చిరిగింది ఇందుకే అయ్యుంటుంది.

కొలతలకి టైలరు టేపు వాడకండి. దాని వెడల్పుకి, మందానికి చిన్న నడుము మీద సరిగ్గా కూర్చోదు, మూడు నాలుగు మిల్లీమీటర్లు ఎక్కువ చూపిస్తుంది. మీ జాకెట్టులో అది లెక్కలోకే రాదు, బొమ్మకైతే ఒక సైజు తేడా. కుట్టుదారం చుట్టి, కలిసినచోట పెన్నుతో చుక్క పెట్టి, తీసి స్కేలు మీద పరిచి చూడండి. ఛాతీ, నడుము, పిరుదులు, చంక చుట్టూ, అరచేయి చుట్టూ, భుజం నుంచి నడుముకి, నడుము నుంచి పాదానికి, ఈ ఏడూ చాలు. పాత తరహా బార్బీకి ఛాతీ 13, 13.5 సెం.మీ., నడుము 9 లోపు, పిరుదులు 13కి అటూఇటూ వస్తాయి. కానీ 2016 నుంచి పొడుగు, పొట్టి, కాస్త ఒళ్లున్న రకాలు కూడా అమ్ముతున్నారు. ఎక్కడో దొరికిన కాగితం నమూనా మీ బొమ్మకి నప్పకపోవడానికి ఇదో కారణం. మీ బొమ్మని కొలిచిన అంకెలే నమ్మండి.

జాకెట్టుకైతే ఈ అంకెలు కూడా అక్కర్లేని ఉపాయం ఒకటుంది, దాన్నే గట్టిగా చెబుతాం. బొమ్మ ఒంటికి మెడ నుంచి నడుము దాకా పల్చటి ప్లాస్టిక్ కవరు ముక్క బిగుతుగా చుట్టండి. వంటింట్లో గిన్నెలమీద కప్పే పల్చటి ప్లాస్టిక్ పొరలాంటిదైతే ఇంకా మంచిది. దానిమీద కాగితం టేపుని సెంటీమీటరు వెడల్పు ముక్కలుగా చించి, ఒకదాని అంచుమీద ఒకటి ఎక్కేలా అతికించండి. పెద్ద ముక్కలు వేస్తే వంపుల దగ్గర ముడత పడుతుంది, ఆ ముడత నమూనాలోకి వచ్చేస్తుంది. మొత్తం కప్పాక బాల్‌పెన్నుతో గీతలు గీయండి: ముందు మధ్యగీత, వెనక మధ్యగీత, పక్క కుట్టు, భుజం కుట్టు, మెడ, చంక, నడుము. ఛాతీ ఎత్తుగా ఉన్నచోటు నుంచి నిలువుగా నడుము దాకా ఇంకో గీత. ఇప్పుడు చిన్న కత్తెరతో వెనక మధ్యగీత వెంట కోసి తొడుగుని ఊడదీయండి. భుజం, పక్క గీతలు కోస్తే ముందు ముక్క, వెనక ముక్కలు విడిపోతాయి. ముందు ముక్క బల్లమీద చదునుగా పడదు. నడుము నుంచి ఛాతీ దాకా గీసిన గీత కోయండి, అది విచ్చుకుని చదునవుతుంది. విచ్చుకున్న ఆ సందే మీ డాట్, అంటే ఛాతీ వంపు కోసం లోపలికి మడిచి కుట్టే చోటు. ఎంత వెడల్పు, ఎంత పొడుగు అని బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు, బొమ్మే చెప్పేసింది. కుడి, ఎడమల్లో ఒక సగం మాత్రమే వాడి, రెండోది కాగితం మడిచి దించుకోండి. బొమ్మ రెండు వైపులా ఒకేలా ఉన్నా మనం అతికించిన టేపు ఒకేలా ఉండదు.

ఈ నమూనా చర్మానికి అంటుకున్నంత బిగువు. పక్క కుట్ల దగ్గర ముందు ముక్కకి, వెనక ముక్కకి 1.5 మి.మీ. చొప్పున పెంచండి. నాలుగు అంచులు కలిసి 6 మి.మీ. వదులు వస్తుంది. మన జాకెట్టుకి వదిలినట్టు అంగుళం, రెండంగుళాలు వదిలితే బొమ్మకి గోనెసంచి తొడిగినట్టుంటుంది. తర్వాత చుట్టూ కుట్టులోకి 6 మి.మీ. కలపండి. వెనక మధ్యలో మాత్రం ఒక్కోవైపు 9 మి.మీ. అందులో 6 కుట్టులోకి పోతుంది, మిగిలిన 3 మి.మీ. అటూఇటూ కలిసి ఒకదానిమీద ఒకటి ఎక్కే పట్టీ అవుతుంది. లోపల అంత తక్కువ వదిలితే పెద్దదయ్యాక విప్పి కుట్టడానికి ఉండదే అనే అలవాటు సందేహం రావచ్చు, బొమ్మ పెరగదు లెండి.

పట్టు కోసే ముందు పాత పంచె ముక్కతోనో లైనింగు గుడ్డతోనో ఒకటి కుట్టి తొడిగి చూడండి. చేత్తో పొడుగు టాకాలు వేస్తే చాలు. పదిహేను నిమిషాల పని, పట్టు మిగులుతుంది.

ఇక బట్ట సంగతి. మీరు కొంగు కోశారు. చీర మొత్తంలో జరీ ఎక్కువగా, బరువుగా ఉండేది అక్కడే. చీర లోపలి భాగం, కుచ్చిళ్లలోకి పోయే చోటు, వాడి వాడి మెత్తబడి ఉంటుంది, అది తీసుకోండి. జాకెట్టుకి టూ బై టూ రుబియా, మల్లు, పల్చటి వాయిల్ బాగా లొంగుతాయి. వెంకటగిరి నూలు చీర పాతదుంటే అంతకంటే కావలసిందేముంది, పల్చగా ఉంటుంది, సన్న జరీ అంచూ ఉంటుంది. మంగళగిరి చీరల్లో చిన్న అంచువి కూడా పనికొస్తాయి. గద్వాల అంచు మాత్రం బొమ్మ జోలికి తేకండి, అది నూలు ఒంటికి అతికించిన బరువైన పట్టు అంచు, లంగా బోర్లించిన గంపలా నిలబడుతుంది. పోచంపల్లి ఇక్కత్ ముక్కలో ఒక పువ్వులో సగమే బొమ్మ మొత్తాన్ని కప్పేస్తుంది. అంచుకీ ఇదే లెక్క: చీరకి నాలుగంగుళాల అంచంటే మనకి ముచ్చట, బొమ్మకి పాదాల నుంచి తొడ దాకా అంచే కనిపిస్తుంది. 1 సెం.మీ., మహా అయితే 1.5. పెద్ద అంచులో చివరి రెండు గీతలు, చిన్న గోపురాల వరస ఉంటే అంతవరకే కోసుకోండి. బూటీలు మినపగింజని మించకూడదు.

కోసే ముందు ఉతకండి. ముడుచుకుపోతుందని మాత్రమే కాదు, రంగు కోసం. ఎరుపు, మెరూన్, ముదురు నీలం, నలుపు బట్టల రంగు బొమ్మ ప్లాస్టిక్‌లోకి ఇంకుతుంది. పైన అంటుకున్న మరక కాదది, లోపలికి దిగుతుంది, సబ్బుకి పోదు. తడిపిన తెల్లగుడ్డతో బట్టని గట్టిగా రుద్ది చూడండి. గుడ్డకి రంగు అంటితే ఆ బట్ట నేరుగా ఒంటికి తగలకూడదు. ఉప్పునీళ్లలో నానబెట్టాం కదా అని ధీమా పడొద్దు, దిగే రంగు దిగుతూనే ఉంటుంది. జాకెట్టుకి తెల్ల మల్లు లైనింగు, లంగా కింద తెల్ల లోలంగా వేయండి, కొలువు ఎత్తగానే బట్టలు విప్పి పెట్టండి. నెలల తరబడి తొడిగి ఉంచిన బట్టలతోనే ఎక్కువ బొమ్మలు పాడవుతాయి.

జరీ పోగుల సంగతి. 6 మి.మీ. మాత్రమే వదిలి, అందులో 3 మి.మీ. పోగులుగా రాలిపోతే ఇక కుట్టు దేన్ని పట్టుకుంటుంది? బట్ట వెనకవైపు నమూనా గీసుకుని, ఆ గీతమీద నీళ్లు కలిపి పల్చన చేసిన ఫెవికోల్‌ని అగ్గిపుల్లతో సన్నగా రాయండి. ఆరాక గీత మీదనే కోయండి. ముందు ఒక చిన్న ముక్కమీద వేసి చూసుకోండి, కొన్ని పట్టుల్లో మచ్చ ముందువైపుకి కొడుతుంది. జాకెట్టు ముక్కలకి టైలర్లు మెడకి వేసే పల్చటి కాగితం ఫ్యూజింగు ఇస్త్రీతో అంటించినా సరే, లంగాకి మాత్రం వద్దు. పాలిస్టర్ రిబ్బన్లు, లేసుల చివరలకి అగరుబత్తి కొసతో ఒక్క క్షణం తగిలించి తీస్తే పోగు ఊడదు. పట్టుకీ నూలుకీ ఈ పని చేయకండి, అవి కరగవు, కాలతాయి.

మిషనుకి 11 నంబరు సూది వేయండి. 16 నంబరు సూది పల్చటి బట్టలో కనిపించేంత బెజ్జాలు చేస్తుంది. కుట్టు పొడుగు 1.5 మి.మీ. పాత నల్ల తొక్కుడు మిషను ఉంటే దాన్నే వాడండి. దాని పళ్లెంలో సూది దిగే కంత చిన్నది, బట్ట మూల లోపలికి గుంజుకుపోదు. జిగ్‌జాగ్ కుట్టే కొత్త మిషన్ల కంత అడ్డంగా వెడల్పుగా ఉంటుంది, చిన్న ముక్క అందులోకి ముద్దలా దిగిపోతుంది. అప్పుడు బట్ట కింద పల్చటి కాగితం పెట్టి కుట్టి, తర్వాత చింపేయండి. కుట్టు మొదలుపెట్టేటప్పుడు రెండు దారాల కొసలూ వెనక్కి లాగి పట్టుకోవాలి. రెండు మూడు కుట్ల దాకా చక్రం చేత్తో తిప్పితే ఇంకా నయం.

జాకెట్టు కుట్టే వరస చాలా ముఖ్యం. మనకి ముందు పక్కలు కలిపి, చేతులు గుండ్రంగా కుట్టి, ఆ గొట్టాన్ని చంకలో ఎక్కిస్తారు చాలామంది. బొమ్మకి చేతి గొట్టం వేలి లావు కూడా ఉండదు, అందులో మిషను పాదం ఎక్కడ పడుతుంది? కాబట్టి చివరి నిమిషం దాకా జాకెట్టు బల్లమీద చదునుగా పరుచుకునే ఉండాలి. ముందు డాట్లు వేయండి. భుజాలు కలపండి. లైనింగు ముక్కలకి కూడా విడిగా డాట్లు వేసి, భుజాలు కలిపి, రెంటినీ మంచివైపులు ఎదురెదురుగా పెట్టి, వెనక ఒక నిలువు అంచు, మెడ, రెండో నిలువు అంచు ఒకే కుట్టుగా కుట్టండి. కుట్టు అవతల మిగిలిన బట్టని 3 మి.మీ.కి కత్తిరించి, మెడ వంపులో ప్రతి 4 మి.మీ.కి ఒక గాటు, దారానికి 1 మి.మీ. ఇవతల దాకా. గాట్లు పెట్టకపోతే తిప్పినప్పుడు లోపలి అంచు సాగలేక మెడంతా నిక్కబొడుచుకుంటుంది. మూలలు ఐమూలగా కోసేయండి. తిప్పి, పుల్లతో మూలలు తోసి, గుడ్డ కప్పి ఇస్త్రీ చేయండి. జరీమీద ఇస్త్రీపెట్టె నేరుగా పెట్టొద్దు.

చేతులకి వచ్చేసరికి మా మాట వినండి, బుట్ట చేతులు పెట్టండి. పట్టు లంగాకి అవే అందం, పైగా బొమ్మకి అవే తేలిక. బిగుతు చేతులైతే చంక వంపు మిల్లీమీటరు తప్పినా ముడత కనిపిస్తుంది. బుట్ట చేతిలో ఆ తప్పంతా కుచ్చుల్లో కలిసిపోతుంది. చంక చుట్టుకొలత 6 సెం.మీ. ఉంటే చేతి ముక్క వెడల్పు 9, కుట్టుకి అదనం. పొడుగు 4, 5 సెం.మీ. చాలు. పైఅంచు మధ్యలో 1.5 సెం.మీ. ఎత్తు వచ్చేలా వంపు కోయండి. కుచ్చుల కోసం అంచు నుంచి 3 మి.మీ. దగ్గర ఒకటి, 5 మి.మీ. దగ్గర ఒకటి, రెండు వరసల కుట్టు వేసి కింది దారాలు లాగాలి. ఈ కుట్టు 2.5 మి.మీ.కి మించి పొడుగు పెట్టకండి. పొడుగు కుట్టుతో వచ్చే కుచ్చులు లావుగా, ఎగుడుదిగుడుగా ఉంటాయి, మన చేతికి కనపడని ఆ లావు బొమ్మ చేతికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కింది అంచుని కూడా అలాగే కుచ్చు పోసి, సన్న పట్టీకి ఎక్కించండి. పట్టీ పొడుగు కుట్లు పోను అరచేతి చుట్టుకొలత కంటే 5 మి.మీ. ఎక్కువ ఉండాలి.

చేతి పట్టీ పూర్తయ్యాకే చేతిని చంకకి కుట్టాలి, జాకెట్టు ఇంకా చదునుగా ఉండగానే. బట్టా లైనింగూ ఒకటిగా పట్టి కుట్టేయండి. ఆ తర్వాత మంచివైపులు కలిపి మడిచి, చేతి అంచు నుంచి చంక మీదుగా నడుము దాకా ఒకటే కుట్టు. చంక మూల దగ్గర ఆ కుట్టుకి అడ్డంగా ఒక గాటు పెట్టండి. అది మరిచిపోతే చెయ్యి దించినప్పుడు చంకలో ఉండ కట్టినట్టు ఉంటుంది. నడుము అంచు 6 మి.మీ. ఒక్కసారే తిప్పి చేత్తో కుట్టండి. రెండుసార్లు తిప్పొద్దు, అంచుకి జిగురు రాశాం కదా, పోగు రాదు.

వెనక మూయడానికి దొరికినంతలో చిన్న టిచ్ బటన్లు, 5 లేదా 6 మి.మీ.వి, రెండు చాలు. మన జాకెట్టు హుక్కు బొమ్మ వీపుమీద గడియలా కనిపిస్తుంది. మీ అమ్మాయే తొడిగి విప్పుతుందంటే పల్చటి వెల్క్రో తేలిక. అందులో గరుకు ముక్కని మెత్త ముక్క కంటే కొంచెం సన్నగా కోయండి, మూసినప్పుడు గరుకు ఏమాత్రం బయటికి రాకూడదు. వస్తే బొమ్మ జుట్టు చిక్కుపడుతుంది, పట్టు పోగులు లేస్తాయి. తొడిగేటప్పుడు బొమ్మ అరచేతికి చిన్న ప్లాస్టిక్ కవరు ముక్క చుట్టి జార్చండి, వేళ్లు ఎక్కడా తట్టుకోవు.

లంగా దగ్గరికొద్దాం. అంచు ఉన్న బట్టకి గుండ్రటి కటింగు కుదరదు, అంచు తిన్నగా ఉంటుంది కాబట్టి తిన్నటి ముక్కే కోయాలి. మీరు నడుముకి మూడు రెట్లో నాలుగు రెట్లో బట్ట తీసుకుని కుచ్చు పోసి ఉంటారు. పట్టుకి రెండున్నర రెట్లు చాలు, అదీ కుచ్చు కాదు, ప్లీట్లు, అంటే కొలిచి వరసగా పెట్టే మడతలు. లెక్క చూడండి. నడుము 9 సెం.మీ., మీదకి ఎక్కేందుకు 1, మొత్తం పట్టీ 10. పైకి 1 సెం.మీ. కనిపించే ప్లీటు, లోపలికి 0.75 మడత, అంటే ఒక్కో ప్లీటుకి 2.5 సెం.మీ. బట్ట. తొమ్మిది ప్లీట్లకి 22.5. ప్లీటు లేకుండా వదిలే ఎక్కుడు భాగానికి 1. రెండు పక్కల కుట్టుకి 1.5. మొత్తం 25 సెం.మీ. వెడల్పు. ఇలా పెడితే ప్లీటు మడత ఉన్నచోట మూడు పొరలు, మడతకీ మడతకీ మధ్య ఒకటే పొర. కుచ్చు పోస్తే బట్టంతా ఒకేచోట ఇరుక్కుని అన్ని వైపులా పొంగుతుంది. మీ లంగా గొడుగైంది అందుకే.

కోసేటప్పుడు చీర అంచే లంగా కింది అంచుగా వచ్చేలా కోయండి. చీర అంచుకి పోగు ఊడదు, తిప్పి కుట్టే పని లేదు, అక్కడ ఒక పొర మందం తగ్గింది. పొడుగు: నడుము నుంచి పాదానికి కొలిచి, పైకుట్టుకి 6 మి.మీ. కలిపితే చాలు. బొమ్మది మడమ ఎత్తిన పాదమైతే చెప్పులతో నిలబెట్టి కొలవండి. జరీ అంచు విడిగా అతికించేట్టయితే లంగా చదునుగా ఉండగానే, ప్లీట్లు పెట్టకముందే.

పైఅంచున పెన్సిలుతో 1, 1.5, 1, 1.5 అని గుర్తులు పెట్టుకుని ఒక్కొక్కటే మడిచి, చేత్తో టాకా వేసి, ఇస్త్రీ చేయండి. నడుము పట్టీకి పట్టు వద్దు. 6 మి.మీ. శాటిన్ రిబ్బను తీసుకుని, లంగా పైన కుట్టుకి వదిలిన 6 మి.మీ.ని 3కి కత్తిరించి, దానిమీద రిబ్బను పరిచి కుట్టేయండి, మడతలుండవు. వెనక కుట్టు కింది నుంచి పైకి వేస్తూ, పైన 5 సెం.మీ. తెరిచి వదలండి. నడుము 9, పిరుదులు 13, ఆ తేడా దాటాలి మరి. జాకెట్టు కింది అంచు ఈ పట్టీమీదకి 2, 3 మి.మీ. మించి దిగకూడదు, దిగితే నడుము మళ్లీ లావవుతుంది.

ప్లీట్లు కిందిదాకా బుద్ధిగా పడాలంటే లంగా మీద నీళ్లు లీలగా చిలకరించి, నూలుదైతే పల్చటి గంజినీళ్లు, అప్పడాల కర్రకి చుట్టి, మడతలు సర్ది, పాతగుడ్డ పీలికలతో మూడుచోట్ల కట్టి, రాత్రంతా వదిలేయండి. నీళ్లు మచ్చపడే పట్టు ఉంటుంది, మూల తడిపి చూశాకే. తడి లంగాని బొమ్మకే తొడిగి ఆరబెట్టే పని మాత్రం చేయొద్దు, రంగు దిగడానికి అంతకంటే దగ్గరి దారి లేదు. జరీ లేని పల్చటి ప్రింటు బట్ట ఉంటే ప్లీట్ల బాధే లేదు, అరవృత్తం కోయండి. పట్టీ కొలత 10ని 3.14తో భాగిస్తే 3.2 సెం.మీ., అది లోపలి వ్యాసార్ధం. దానికి పొడుగు కలిపితే బయటిది. కుట్టులోకి పోయే 6 మి.మీ. లోపలి గీతకి లోపలవైపు వదలాలి, బయటికి వదిలితే నడుము వదులైపోతుంది.

ఓణీకి పాత షిఫాన్ చున్నీ, లేదంటే బాగా మెత్తబడిన మల్లు. 40 సెం.మీ. పొడుగు, 14, 15 వెడల్పు. ఆరో వంతు లెక్కలో వెడల్పు 18 రావాలి గానీ బట్ట మందానికి అంత పట్టదు. భుజం దగ్గర మూడు మడతలు పెట్టి లోపల రెండు టాకాలు వేసేయండి, గుండుసూది గుచ్చొద్దు. పిల్ల చేతిలో బొమ్మ ఉన్నంతకాలం ఏ బట్టలోనూ సూది మిగలకూడదు, కుట్టడం మొదలుపెట్టేముందు సూదులు లెక్కపెట్టి, అయ్యాక మళ్లీ లెక్కపెట్టండి.

చీర తేలికా అని అడిగారు. కోయడం తేలిక, నిలబెట్టడం కష్టం. అయిదున్నర మీటర్ల చీరని ఆరో వంతు చేస్తే 92 సెం.మీ., అంత బట్ట నడుము చుట్టూ పడితే బొమ్మ డ్రమ్ములా తయారవుతుంది. 60, 65 సెం.మీ. చాలు, వెడల్పు నడుము నుంచి పాదానికి కొలిచి 1 సెం.మీ. ఎక్కువ. కుచ్చిళ్లు అయిదుకి మించొద్దు. వాటిని విడిగా మడిచి, ఇస్త్రీ చేసి, రిబ్బను పట్టీకి కుట్టేసి, కొంగు వదులుగా వదిలితే పిల్ల కూడా రెండు నిమిషాల్లో కట్టేస్తుంది. షిఫాన్, జార్జెట్ జారతాయి, కుచ్చిళ్లకి గంజి పెట్టిన మల్లే మేలు. కొలువులో చేతులు ఒంటికి అంటుకుని ఉండే చెక్క రాజా రాణీ బొమ్మలుంటే వాటికి జాకెట్టు తొడగాలని చూడకండి. ముందుభాగం ఒక్కటే కోసి వీపు వెనక ముడివేస్తే సరి, మిగతాది చీరే కప్పేస్తుంది.

నగలకి పెద్ద హంగు అక్కర్లేదు. వడ్డాణానికి 8 మి.మీ. జరీ లేసు, లంగా పట్టీ పొడుగే, చివర ఒక టిచ్ బటను. అది లంగా, జాకెట్టు కలిసేచోటుని కూడా దాచేస్తుంది, కుట్టు కొంచెం వంకరపోయినా ఎవరికీ తెలియదు. హారానికి 2 మి.మీ. పూసలు, రెండుపోగుల దారం. ఒక చివర పూస, రెండో చివర దారపు కాజా పెట్టి వెనక మూసుకునేలా చేయండి, ఎలాస్టిక్ దారం తలమీంచి లాగి లాగి తెగిపోతుంది. మల్లెదండ అయితే ఆకుపచ్చ దారంమీద తెల్ల పూసలు రెండేసి పక్కపక్కన పెట్టి ముడివేసుకుంటూ పోవడమే, మనం పూలు కట్టినట్టే. 5 సెం.మీ. దండకి ముప్పై పూసల దాకా పడతాయి. పక్కన వేలాడే చేతిసంచికి 8 సెం.మీ. గుండ్రటి పట్టుముక్క అంచు చుట్టూ దారం ఎక్కించి లాగితే మూతి ముడుచుకుంటుంది.

చెవులకి మాత్రం లోహపు పిన్నులు గుచ్చకండి. వాటిలోని రాగి ప్లాస్టిక్‌తో కలిసి చెవుల చుట్టూ పచ్చటి మరక వదులుతుంది. పాత బార్బీల్లో ఎన్నో అలా పాడయ్యాయి. పూసని దారంతో జడలోకి కట్టి చెవి పక్కన వేలాడదీయండి. ఇంట్లో మూడేళ్లలోపు పిల్లలున్నా, కొలువు చూడ్డానికి వచ్చినా పూసల దండలు కింది మెట్టుమీద బొమ్మకి వేయకండి, నోట్లో పెట్టుకుంటారు.

మీ దగ్గర ఇప్పటికే కుట్టిన లంగా ఉంది కదా, పారేయకండి. నడుము కుట్టు విప్పి, కొంగు బట్ట బరువుగా ఉంటే 25 కూడా వద్దు, 20 సెం.మీ.కి కోసి ఏడు ప్లీట్లతో పెట్టి చూడండి. అప్పుడు ఒక్కో ప్లీటు పైకి కనిపించేది 1.3 సెం.మీ. దాకా రావాలి, లోపలి మడత 0.6 సెం.మీ.కి తగ్గుతుంది. చిరిగిన జాకెట్టులో చంక కింది భాగం బాగుంటే బుట్ట చేతుల పట్టీలకి సరిపడా ముక్కలు వస్తాయి.